పెళ్లిపందిట్లో బర్రె

మా మేనత్త మిర్యాలగూడ పొలంలో గొంతెత్తితే సూర్యాపేట అంగట్లో బేరాలు ఆగేవి. ఆమె కథ చెబితేనే నాటు కూలీల నడుములు వంగేవి. సాఫీగా సాగే ప్రతి కథలోకీ ఓ బర్రెను తోలడం ఆమె అలవాటు.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటేడు చెరువు అడుగంటుతోంది. ఆ పూటే నాటు ముగియకపోతే మడి ఎండిపోతుంది. అప్పుడే కోదాడ నుంచి ఆమె మరిది దిగాడు.

"కథకో పద్ధతుండాలి వదినా. బర్రె లేకుండా చెప్పండి."

అత్త బుద్ధిగా చెప్పింది. రాజకుమారుడు వచ్చాడు, పిల్ల నచ్చింది, తాళి చేతిలోకి తీసుకున్నాడు. కూలీలు సగం మడి వదిలేసి గట్టెక్కారు.

"యాడికే?"

"పెండ్లయితంది గదక్కా, కథ ఖతం. ఇగ ఇంటికి పోతం."

మరిదిని అత్త చూసిన చూపుకు గట్టు మీద గడ్డి మాడింది.

"గప్పుడే పందిట్లకు బర్రె ఉరికొచ్చింది!"

అందరూ మళ్లీ మడిలోకి దూకారు. "పిల్లగాడున్నడా, ఉరికిండా?"

బర్రె పందిరి కూల్చి, పెళ్లికొడుకును వీపున వేసుకుని మూడు రాజ్యాలు తిరిగింది. నవ్వులకు నాటు వంకరపోతే అత్త బర్రెను కాసేపు మేతకు కట్టేసేది. పొద్దువాలేసరికి నారంతా నాటేశారు.

మరిది కూడా ఎప్పుడు దిగాడో, మోకాలిలోతు బురదలో నిలబడి ఉన్నాడు. "వదినా, పెళ్లి మాటేమిటి?"

"నాటయింది గద. ఇగ కట్టుమను తాళి."