పోట్లాటకు చోటు

మా వీధిలోకి నీళ్ల లారీ వచ్చి ఆగగానే ప్లాస్టిక్ బిందెలు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు మొదలవుతుంది. అందరికీ అది నీళ్లొచ్చిన చప్పుడు. నాకు మాత్రం వసంత మేడమ్ నన్ను ఓడించిన చప్పుడు. ఆమె పోయారు, నా అసూయ ఆరోగ్యంగానే ఉంది.

గుంటూరు నుంచి బంగారు పతకంతో వచ్చి, మైలాపూరులో ఆమె ఆఫీసులో ఆర్కిటెక్టుగా చేరాను. పతకం సంగతి ఆమె అడగలేదు. నేనే రెండుసార్లు చెప్పాను. ఆమెది తరతరాలుగా మద్రాసులోనే ఉన్న తెలుగు కుటుంబం. అప్పుడు జార్జి టౌన్‌లో ఒక సందులో అద్దెకుండే తెలుగు కూలీ కుటుంబాలు కొన్ని కలిసి, ఊరి చివర చవగ్గా ఇళ్లు కట్టుకోబోతున్నాయి. నన్నొక ప్లాను గీయమని, తానూ ఒకటి గీస్తానన్నారు మేడమ్. ఏది కట్టాలో ఆ కుటుంబాలే తేలుస్తాయి. నాదే గెలవాలని ఎంత కోరుకున్నానంటే, దేవుణ్ణి కూడా ఇబ్బంది పెట్టాను. మధ్యలో గుండ్రటి పార్కు, పచ్చిక, ఫౌంటెన్ గీశాను.

ఆమె పెన్సిల్ ముట్టకుండా, నన్ను వెంటబెట్టుకుని ఆ సందులోకి వెళ్లి కూర్చున్నారు.

"ఏమ్మా, మీరు పోట్లాడుకునేది యాడ?"

ఆడవాళ్లు నవ్వారు. "కొళాయి కాడ మేడం. అదీ ఈ మహాతల్లితోనే," అంది మునియమ్మ, పక్కనున్న దేవకిని మోచేత్తో పొడిచి.

మేడమ్ తన ప్లానులో కొళాయిని నడిమధ్యన పెట్టారు. దాని చుట్టూ నీడ, కూర్చోవడానికి తిన్నె, ఇళ్ల గుమ్మాలన్నీ దానివైపే.

"గొడవలు పెరుగుతాయి కదా మేడమ్," అన్నాను.

"పెరగనీలే అబ్బయా. తలుపులేసుకోని కూర్చుంటే ఎవురి పేరు ఎవురికి తెలస్తాది?"

ఎంచుకునే రోజున మునియమ్మ నా ప్లానును చాలాసేపు చూసి, పార్కు మీద వేలు పెట్టి, "శానా బాగుండాది సార్. ఈడ ఎవురుంటారు?" అంది. ఓటమి ఇంత మర్యాదగా వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇళ్లయ్యాక ఒకసారి ఇద్దరం వెళ్లాం. కొళాయి దగ్గర మునియమ్మ, దేవకి యుద్ధంలో ఉన్నారు. మేడమ్‌ను చూడగానే బిందెలు వదిలేసి, ఆమె ఎవరింట్లో కాఫీ తాగాలన్న దానిమీద మళ్లీ మొదలుపెట్టారు.

"మా ఇంటికి రా మేడం, దాని కాఫీ కషాయం," అంది దేవకి.

"రెండిళ్లలోనూ తాగతాలే, సరియా?"

నన్నెవరూ పిలవలేదు. తిన్నె మీద కూర్చున్నాను. నీడ చల్లగా, ప్రాణానికి హాయిగా ఉంది. అదే మరీ బాధ.

ఇప్పుడు నాకు సొంత ఆఫీసు ఉంది. చవక ఇళ్ల పని వస్తే, గీత గీయకముందే వెళ్లి అదే ప్రశ్న అడుగుతాను. జనం నవ్వుతారు, తర్వాత నిజం చెబుతారు. మొన్న ఒకాయన, "భలే అడిగారు సార్, ఎట్లా తట్టింది మీకు?" అన్నాడు. నాకే తట్టిందని చెప్పేయడానికి అక్కడ అడ్డేమీ లేదు. "మా మేడమ్ ప్రశ్న," అన్నాను.

ఆమె లేని పోటీలో కూడా నాది రెండో స్థానమే.