ఆగవ్వ లొట్ట

మా గల్లీ ఆగమ్మ నోట్లె పులుపు లేని గడియ లేదు. అందరం ఆగవ్వ అంటం. కొంగుముడిల చింతపండు, సంచిల మామిడికాయ, రొండిల ఉప్పుకారం పొట్లం. నోట్లె ఒక్క పన్ను లేదు గని, చప్పరించి లొట్ట ఏసిందంటె దబీర్‌పురా స్టేషన్ల రైలు నడిపెటోనికి గూడ నోరూరాలె.

సావుకు పోయినా గదే కత. "అవ్వా, సచ్చినోళ్ళింట్ల గిదేంది?" అన్న ఓసారి.

"సచ్చినోడు మానేసిండు గని, నేను మానేసిన్నారా?"

నేను డానియేలును. పెండ్లి బ్యాండుల ట్రంపెట్ బూర ఊదుత. బూర ఊదెటోని ముంగట పులుపు తింటె ఏమైతదో మీకెర్కనే. ఉమ్మి ఊరి బూరలకు దిగుతది, పాట బుడబుడమంటది. మొఘల్‌పురా బరాత్‌ల ఆగవ్వ మా ముంగట్నె నిలవడి చింతకాయ చప్పరించింది. పాట ఆగింది, గుర్రం ఆగింది, ఎన్క ఆటోలు ఆగినయ్, ఒకటే లొల్లి! మా మాస్టర్ వేణుగోపాల్ కర్ర పట్టుకొని ఉరికిండు.

"ఓ అవ్వా! మల్ల నా బరాత్ కాడ కనవడ్డవంటె సూడు!"

"సడక్ నీ తాతదా?" అని ఇంకో లొట్ట.

గప్పట్నుంచి ఏ బరాత్‌కు పోయినా మాస్టర్ పెండ్లికొడుకు వచ్చిండా అని అడగడు, ఆగవ్వ వచ్చిందా అని అడుగుతడు.

గింతల నాకు షుగరొచ్చింది. గోలీలు మొదలైనయ్. నోరెండి నాలుక అంగిట్ల అతుక్కునుడు వెట్టింది. పెదవులకు తడి లేకుంటె బూర యాడ పలుకుతది? ఊదితె ఉత్త గాలి. పైంగ ఓ పన్ను పుచ్చింది.

పండ్ల డాక్టరమ్మ ఉదయశ్రీ నోరంత సూసింది. "షుగర్ ఎక్కువున్నా నోరు ఎండుతుందండీ, కొన్ని మందులకీ ఎండుతుంది. ఉమ్మి తగ్గితే పళ్ళు తొందరగా పుచ్చుతాయి. కాసిని కాసిని నీళ్ళు తాగుతుండండి. మందులిచ్చిన డాక్టరుగారికీ చెప్పండి."

"నిమ్మకాయ చప్పరిద్దునా అమ్మా?"

"వద్దండీ బాబూ! ఎండిన నోట్లో పులుపు పళ్ళని తినేస్తుంది. మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి."

గల్లీల అరుగు మీద కూసొని ఆగవ్వకు గిదంత చెప్పుకున్న. ఆదివారం చాంద్రాయణగుట్టల పెద్ద బరాత్. గా బరాత్‌ల బూర పలకకుంటె ఇంకొకన్ని తెచ్చుకుంటనని మాస్టర్ తెగేసి చెప్పిండు. బూర తప్ప నాకు ఏం పనొస్తది? "గోలీలు బందువెడ్తనవ్వా. బతికినన్ని దినాలు ఊదుకుంట."

ఆగవ్వ చింతగింజ ఊంచి లేసింది. "మస్తు చెప్పినవ్ తీ. మరి నీ సావుకు ఎవలూదుతర్రా?" అనుకుంట పోయింది.

ఆదివారం ఫ్లైఓవర్ పక్కన బరాత్ లేసింది. బూర పెదవులకు వెట్టిన. గాలి! మాస్టర్ కండ్లతోనే కొట్టిండు. గప్పుడు బత్తీల ఎల్గుల, గుర్రం ముంగట, ఎవలనుకున్నరు? ఆగవ్వ! బస్సెక్కి వచ్చింది. చేతుల పచ్చి మామిడి చెక్క. నా దిక్కే సూస్కుంట, ఎన్కకెన్కకు నడుస్కుంట, ఒక లొట్ట. ఉప్పుకారం అద్ది ఇంకో లొట్ట.

కడమ బూరలోళ్ళు మొకాలు తిప్పుకున్నరు. నా నాలుక కింద మాత్రం చెలిమ ఊరినట్టు ఊరింది. పెదవులు తడిసినయ్. బూర పలికింది! గుర్రం సుత ఎగిరింది.

కర్ర లేపిన మాస్టర్ అట్లనే నిలవడ్డడు. "గిదేందే అవ్వా? నువ్వు తింటె వాడూదుతుండు!"

"వాన్ని పులుపు తినొద్దన్నరు, పండ్లు పాడైతయట. నాకు పండ్లే లేవు, ఏం పాడైతయ్?"

నా వంతు పులుపు తినిపెట్టెటోళ్ళు నాకున్నరు సూడుండ్రి! గంత అదృష్టం ఎవలకుంటది? గా రాత్రి ఆమె రెండు కాళ్ళు మొక్కిన. "బస్సుల సీటు దొరకలేర, కాళ్ళు గుంజుతున్నయ్, జర పిసుకు" అన్నది.

ఇప్పుడు డాక్టర్ గోలి మార్చిండు, నోరు జర నయమే. అయినా ఆగవ్వ ముంగట లేకుంటె నాకు ఊదబుద్ధి కాదు. మాస్టరే ఆటో తోలిచ్చి పిలిపిస్తడు. బరాత్ లేసే ముంగట ఆమె చెక్క చేతుల వట్టుకుంటది గని, నోట్లె వెట్టుకోదు.

"గోలి ఏస్కున్నవా?"

"ఏస్కున్ననవ్వా."

"ఏది, నోరు తెర్వు."

పెండ్లికొడుకు గుర్రం మీద, చుట్టాలంత సడక్ మీద ఆగి సూస్తుంటరు. నేను నోరు తెరిచి నాలుక జాపుత. అటెన్కనే లొట్ట.