సంస్కృతం స్కోరింగ్ అన్నారు

మా అమ్మాయి బడికి వెళ్ళదు, ఇంట్లోనే చదువుకుంటుంది అని చెప్పగానే ఇక్కడి మన తెలుగువాళ్ళ ముఖాల్లోకి ఒక జాలి వస్తుంది. పిల్లకేమైనా జబ్బా అన్నట్టు గొంతు తగ్గించి అడుగుతారు. ఆ జాలిని ఏళ్ళ తరబడి భరించాను. కానీ అలా జాలిపడ్డవాళ్ళే మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని, నేను వేసిన గారెలు తింటూ, నా కూతురు హైస్కూల్లో ఏం చదవాలో తేల్చేసిన రోజును మాత్రం నేనింకా క్షమించలేదు.

మేం సింగపూరు వచ్చేసరికి తనకి పదేళ్ళు. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో మాలాంటి బయటి దేశాలవాళ్ళ పిల్లలకి సీట్లు మిగిలితేనే ఇస్తారు. మాకు మిగల్లేదు. ఇంటర్నేషనల్ స్కూళ్ళ ఫీజులు మా అందుబాటులో లేవు. నేను భీమవరంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినదాన్ని కదా, ఒక్క ఏడాది ఇంట్లో చెప్పి చూద్దాం అనుకున్నాం. ఆ ఒక్క ఏడాది అలా సాగుతూనే పోయింది. బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాట్ కిటికీ ముందు నుంచి రైళ్ళు పోతూ ఉంటే, బల్లకి అటు పక్క తను, ఇటు పక్క నేను.

తొమ్మిదో తరగతికి వచ్చాక అమెరికా పద్ధతిలో నడిచే ఒక ఆన్‌లైన్ బడిలో పేరు రాయించాం. పాఠం మనమే చెప్పుకోవచ్చు, కోర్సు కూడా మనమే తయారు చేసుకోవచ్చు. ఏ ఏడాది ఏది చదివిందో చూపిస్తే వాళ్ళు క్రెడిట్లు ఇస్తారు. లెక్కలు, సైన్సు, చరిత్ర, ఏదో ఒక కళ, ఆటలు, ఇంగ్లీషు కాకుండా ఇంకో భాష రెండేళ్ళు. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా చివర్లో సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే మా అమ్మాయి కోరుకున్న సముద్ర జీవశాస్త్రం చదువుకి దరఖాస్తు పెట్టుకోవడానికే ఉండదు. సముద్రం వెనక్కి తగ్గిన పొద్దుల్లో బురదలోకి దిగి, పీతల్నీ నత్తల్నీ చూస్తూ పెరిగిన పిల్ల తను. ఇంకో చదువు ఊసెత్తితే వినదు.

చదువు చెప్పడం నా పని, కాగితాలు పంపడం మా ఆయన పని. ఆయన బ్యాంకులో సాఫ్ట్‌వేర్ మనిషి. ఏ పనైనా నలుగుర్ని సంప్రదించి చేయాలంటారు. అందుకని ఒక ఆదివారం బెడోక్ నుంచి ఒక స్నేహితుణ్ణి, యీషున్ నుంచి ఇంకొకరిని భోజనానికి పిలిచారు. ఆ పిల్లకి చదువు చెప్పే నేను వంటింట్లో నూనె మూకుడు ముందు ఉన్నాను. ఇద్దరి పిల్లలూ ఇక్కడి బడుల్లోనే చదువుతారు. ఆ బడుల్లో మన భాష లేదు, హిందీయో తమిళమో తీసుకోవాలి. ఆ సంగతి వాళ్ళిద్దరూ వర్షం పడిందన్నంత మామూలుగా చెప్పుకుంటారు.

మొదట లెక్కల మీద పడ్డారు. రెండేళ్ళ లెక్కలు ఒక్క ఏడాదిలో కుక్కేద్దామన్నారు. ఆ తర్వాత భాష దగ్గరికొచ్చారు. నేను గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చాను.

"తెలుగు పెడదామండీ. దానికి చదవడం, రాయడం ఎప్పట్నుంచో నేర్పుతూనే ఉన్నాను కదా" అన్నాను.

"తెలుక్కి క్రెడిటేంటి? ఇంట్లో మాట్లాడుకునేదేగా" అన్నారు మా ఆయన.

"ఆయ్, చెల్లెమ్మా, సంస్కృతం పెట్టేయండి" అన్నారు యీషున్ ఆయన, ఇంకో గారె అందుకుంటూ. "మంచి స్కోరింగు. నాకు ఇంటర్లో రెండే మార్కులు పోయాయి."

మన ఇంటర్ సంగతి తెలియనివాళ్ళకి ఇది చెప్పాలి. తెలుగు తీసుకుంటే మార్కులు తగ్గిపోతాయని పిల్లల చేత సంస్కృతమే పెట్టిస్తారు. పరీక్షకి వారం ముందు గైడు తెచ్చుకుని బట్టీ పడతారు, జవాబులు చాలావరకు ఇంగ్లీషులోనో తెలుగులోనో రాసేస్తారు, హాల్లోంచి బయటికి రాగానే మర్చిపోతారు. ఆ బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురూ అలా పాసైన పండితులే. ముగ్గుర్నీ కలిపి వడకట్టినా ఒక్క వాక్యం రాదు. అయినా నా మాట చెల్లలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. పెరట్లో చెట్టు ఉన్నవాళ్ళకే దాని మీద ఎక్కువ చిన్నచూపు. నేను వంటింట్లోకి వెళ్ళి వచ్చేలోపు కోర్సుల ప్లాను ఆన్‌లైన్ బడికి పంపేశారు కూడా.

మా ఆయన ఏవో రికార్డు చేసిన సంస్కృతం పాఠాలు కొన్నారు. మా అమ్మాయి రెండు మూడు విని, "సో బోరింగ్ లా" అని ఇక్కడి పిల్లల యాసలో అనేసి మూసేసింది. "ఏం పర్లేదు, పరీక్ష ముందు చూసుకోవచ్చు" అన్నారాయన. పాతికేళ్ళ కిందటి మాట, అదే గొంతుతో. నేను నోరు పారేసుకున్నాను, ఆయన ఆఫీసు కాల్ ఉందని లేచిపోయారు. నేను మాత్రం తెలుగు ఆపలేదు. పేపరు చదివించాను, కథలు చదివించాను. బురదలో చూసినవన్నీ తెలుగులో రాయమన్నాను. పీతకీ ఎండ్రకాయకీ తేడా ఏంటని తను అడిగితే, భీమవరం చేపల బజారులో విన్న మాటలన్నీ గుర్తు చేసుకుని చెప్పాను.

పదకొండో తరగతి చివర్లో ఆన్‌లైన్ బడి నుంచి మెయిలు వచ్చింది. ఇంట్లో తయారు చేసుకున్న భాషా కోర్సు కాబట్టి, పరీక్ష చేసే మనిషి మా అమ్మాయితో అరగంట వీడియోలో ఆ భాషలో మాట్లాడతారట. మా ఆయన అది రెండుసార్లు చదివారు.

"మాట్లాడమంటున్నారు" అన్నారు. "సంస్కృతంలో."

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఈ క్రెడిట్లు పోతే ఏడాది పోతుంది. ఆ ఏడాది నా పిల్లది, గారెలు తిన్నవాళ్ళది కాదు. మా ఆయన యీషున్‌కి ఫోను చేశారు. తన పరిచయం నాలుగు వాక్యాలు బట్టీ పట్టించండి, ఆ తర్వాత కరెంటు పోయినట్టు వీడియో ఆపేయచ్చు అని అటునుంచి సలహా వచ్చింది. సింగపూర్లో కరెంటు పోవడం. ఆ సలహాని మా ఆయన బుద్ధిగా కూతురికి చెప్పారు.

"ఐ డోంట్ నో సాంస్క్రిట్, నాన్నా. దట్స్ లయింగ్, వాట్" అంది తను.

ఆ సాయంత్రం మమ్మల్నెవర్నీ అడక్కుండా తనే బడికి రాసింది. నేను సంస్కృతం నేర్చుకోలేదు, అమ్మ దగ్గర తెలుగు నేర్చుకున్నాను, అందులో పరీక్ష పెట్టండి అని. అప్లికేషన్ నాశనమైపోయిందని మా ఆయన తల పట్టుకున్నారు. జవాబు వచ్చేదాకా ఇంట్లో ఒకరితో ఒకరం సరిగ్గా మాట్లాడుకోలేదు. వాళ్ళు సరే అన్నారు. ఇంట్లో మాట్లాడే భాషైతే మాటలొక్కటే చాలవు, చదవాలి, రాయాలి, అర్థం చెప్పాలి అన్నారు. చదువంటే ఏంటో ఆ పరాయివాళ్ళకి తెలిసింది, మనవాళ్ళకి తెలియలేదు, నా కోపమంతా అదే.

పరీక్ష చేసినావిడ తెలుగావిడే, రిటైరైన టీచరు. ఎప్పుడూ చూడని పేజీ ఒకటి చదివించారు, రాయించారు. తనకిష్టమైనది చెప్పమంటే మా అమ్మాయి బురదలో నత్తల గురించి ఆగకుండా చెప్పింది. మధ్యలో మాట తడబడితే ఇంకో తెలుగు మాట వెతుక్కుంది, ఇంగ్లీషులోకి పారిపోలేదు. చివర్లో ఆవిడ అడిగారు, "ఇంత బాగా వచ్చినప్పుడు మొదటే తెలుగు ఎందుకు పెట్టుకోలేదమ్మా?"

కెమెరాకి కనపడకుండా గోడ పక్కన నిలబడ్డ వాళ్ళ నాన్న వైపు ఒకసారి చూసింది తను.

"ఇంట్లో మాట్లాడుకునేదే కదా అన్నారండీ" అంది.

"మా ఇంట్లో పిల్లలకీ అదే చెప్పామమ్మా. ఇప్పుడు ఇంట్లో కూడా మాట్లాడరు" అన్నారావిడ. మా ఆయన చప్పుడు చేయకుండా వెళ్ళి మంచం మీద కూర్చున్నారు.

రెండేళ్ళ క్రెడిట్లూ ఇచ్చారు. సర్టిఫికెట్ వస్తుంది, దరఖాస్తు వెళ్ళింది. ఏడ్చానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

పోయిన ఆదివారం మళ్ళీ అదే బల్ల, అవే గారెలు, అదే ఇద్దరు. బెడోక్ ఆయన చిన్నమ్మాయిని కూడా ఈ ఆన్‌లైన్ బడిలో చేర్చాలనుకుంటున్నారట. భాష ఏం పెట్టాలని అడిగారు. మా ఆయన ఛాతీ విరుచుకుని, "తెలుగు పెట్టేయండి. మంచి స్కోరింగు" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే, పెరుగు వేసుకుంటున్న మా అమ్మాయి తలెత్తింది. ఎప్పుడూ ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, ఆ రోజు తెలుగులోనే చెప్పింది.

"పెట్టేస్తే రాదంకుల్. చదవాలి."

బెడోక్ ఆయన గారె తుంచుతూ ఆలోచించారు. "చదవాలా? అయితే ఇంకేదైనా చూద్దాంలెండి" అన్నారు.

నేను గారెల పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.