నల్ల మూత సీసా

ఒక్క మధ్యాహ్నంలో ఒక జంతుశాస్త్ర విభాగాన్ని మొత్తం నోరు తెరుచుకుని నిలబడేలా చేయడం అందరివల్లా అయ్యే పని కాదు. నావల్ల అయింది. అదీ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే. ఎలాగో చెబుతాను, నవ్వుకోవడానికి సిద్ధంగా ఉండండి.

అప్పుడు నేను తిరుపతిలో ఒక కాలేజీలో ఎమ్మెస్సీ జువాలజీ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. తాత్కాలిక ఉద్యోగం. ప్రాక్టికల్ పరీక్షలకు బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ సారు నా గురించి మంచి మాట రాస్తేనే ఉద్యోగం ఖాయం చేస్తామని పైవాళ్లు ముందే చెప్పేశారు. చిత్తూరులో మా నాయన అప్పటికే నేను పర్మనెంట్ అయిపోయానని వీధంతా చెప్పుకుని స్వీట్లు కూడా పంచేశాడు. కాబట్టి వెనక్కి తిరిగే దారి లేదు.

పరీక్షకు ముందు రోజు ల్యాబు పక్కగా వెళుతుంటే లోపల మాటలు వినిపించాయి. క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే రెడ్డెమ్మ, ఎప్పుడూ కిటికీలోంచి బయటికి చూసే స్టీఫెన్‌కు చదువు చెబుతోంది.

"సూడు స్టీఫెన్, నల్ల మూత సీసా ఇక్తియోఫిస్. అంచు పగిలిన సీసా ఈల్. మెడకి దారం కట్టింది నీటిపాము. అంతే."

"మరి లోపల ఉండేదాన్ని సూడాల్సిన పన్లేదా?"

"గమ్మునుండు! లోపల సూసినావంటే కన్ఫ్యూజ్ అయిపోతావు."

నా ఒళ్లు మండిపోయింది. ఈ మూడూ ఏమిటో మీకు చెప్పాలి. ఇక్తియోఫిస్ అంటే కాళ్లు లేని జీవి, కప్పలకు దగ్గరి చుట్టం. ఈల్ అంటే పాములా ఉండే చేప. మూడోది నిజంగానే పాము. ఏళ్ల తరబడి ఫార్మలిన్ మందులో నాని నాని మూడూ ఒకటే రంగుకు వచ్చి, పాత బెల్టు ముక్కల్లా తయారయ్యాయి. పరీక్షలో సీసాల మీది పేర్లు కప్పేసి, వరసగా బల్లల మీద పెడతాం. గంట కొట్టినప్పుడల్లా పిల్లలు ఒక్కో సీసా దగ్గరికి జరుగుతూ లోపలి జీవిని గుర్తుపట్టి రాయాలి. వీళ్లు చూస్తే జీవిని వదిలేసి సీసాను చదువుకుంటున్నారు! రెండేళ్ల పీజీ చదువు మూతల దగ్గర ఆగిపోయిందన్నమాట.

"చెబుతా మీ పని" అనుకున్నాను. వెంటనే బజారుకు వెళ్లి, ఊరగాయలు పోసుకునే ప్లాస్టిక్ డబ్బాలు, అచ్చం ఒకేలా ఉన్నవి, కొనుక్కొచ్చాను. ల్యాబు తలుపులేసుకుని పనిలోకి దిగాను. మందు ఘాటుకు కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు. మిగతా జీవుల్ని మార్చడం సులువుగానే అయింది. నక్షత్ర చేపను ఎవరైనా గుర్తుపడతారు కదా. ఈ పొడవాటి మూడింటిని మాత్రం శుభ్రంగా కడుగుదామని ముచ్చటపడి, ఒకే ట్రేలో వేసి కుళాయి కింద పెట్టాను.

అవునండీ, ఒకే ట్రేలో. మీరు ఇప్పుడు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. నేను అప్పుడు పెట్టుకోలేదు. పాట కూడా పాడుకుంటూ కడిగాను. ఒక్కోదాన్ని ఒక్కో డబ్బాలో వేసి, పాత సీసాలను బాగా రుద్ది, పేర్ల కాగితాలు పీకేసి, ఎండలో బోర్లించాను. ఏది ఏమిటో రాసుకోలేదు. ఎందుకు రాసుకోవడం? నేను లెక్చరర్ని, నాకు తెలియదా!

మర్నాడు ఎక్స్‌టర్నల్ సారు బస్సు దిగి వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి, కళ్లద్దాలు ముక్కు చివరన. పిల్లల్ని పలకరించి, కాఫీ తాగి, కుర్చీలో కూర్చున్నాడు. నేను గంట కొట్టాను. పిల్లలు మొదటి డబ్బాల ముందుకు వెళ్లారు. రెడ్డెమ్మ ముఖంలో రక్తం ఇంకిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. వంగి చూసింది, వెనక నుంచి చూసింది, మూత వైపు ఆశగా చూసింది. అన్ని మూతలూ ఎర్రవే. నాకు లోలోపల ఎంత ఆనందమో! ఆ పిల్ల గాభరాను చూసి అంతగా సంతోషించినందుకు దేవుడు నాకు వెంటనే లెక్క సరిచేశాడు.

"ఏమ్మా, జవాబుల కీ యాడుండాది?" అని అడిగాడు సారు. "పేపర్లు దిద్దాల కదా."

"ఇప్పుడే రాస్తాను సార్" అని కులాసాగా డబ్బాల వెంట నడిచాను. నక్షత్ర చేప. రాశాను. సముద్రపు గుర్రం. రాశాను. పొడవాటి మొదటిదాని ముందు నిలబడ్డాను.

పెన్ను కదల్లేదు.

రెండోదాని ముందుకు వెళ్లాను. మూడోదాని ముందుకు వెళ్లాను. మళ్లీ మొదటికి వచ్చాను. అప్పుడు అర్థమైంది నాకు. నేను చదువుకునేటప్పుడూ ఇదే ల్యాబు. నేను నేర్చుకున్నదీ నల్ల మూతే!

సరే, అప్పటికే ఆ మూడూ దాటేసిన రెడ్డెమ్మ పేపరు చూసి కీ రాసేద్దామని సిగ్గు విడిచి ఆలోచించాను. రెడ్డెమ్మ మూడింటికీ ఇక్తియోఫిస్ అని రాసింది, ఒకటైనా తగలకపోతుందా అని. స్టీఫెన్ పేపరులోకి తొంగిచూశాను. మూడింటికీ ఒకే జవాబు: "పొడవుగా ఉండాది."

చిట్టచివరి ఎత్తు వేశాను. "సార్, పెద్దవారు మీరుండగా నేను రాయడమేమిటి? ఈ మూడూ మీ చేత్తో రాస్తే బాగుంటుంది."

సారు పొంగిపోయాడు. "అట్లే కానీ" అంటూ లేచి, కళ్లద్దాలు సరిచేసుకుని, మొదటి డబ్బా ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. దించాడు. రెండోది ఎత్తాడు. దించాడు. గొంతు సవరించుకున్నాడు. పిల్లలు ఇటే చూస్తున్నారని గమనించి, నా చెవి దగ్గరికి వంగాడు.

"పాపా, ఆ నల్ల మూత సీసా యాడ పెట్టినావు?"

నేనూ గొంతు తగ్గించి అడిగాను. "మీకెలా తెలుసు సార్?"

"నేనూ ఈడే సదివినానమ్మా. ఆ దారముందే, అది మా సారు కట్టినాడు. పాము యాదో ఆయనకే గుర్తుండదని!"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముందు ఆయన భుజాలు కదిలాయి. తర్వాత నాకు ఆగలేదు. ఎంత గట్టిగా నవ్వామంటే, పిల్లలు పెన్నులు కింద పెట్టేశారు. దాంతో నిజం చెప్పక తప్పలేదు. చెప్పాను. క్లాసంతా ఒక్క క్షణం నోరు తెరిచింది, ఆ తర్వాత పైకప్పు లేచిపోయేలా నవ్వింది.

"సరే" అన్నాడు సారు, కళ్లు తుడుచుకుంటూ. "ఆ మూడు జవాబులూ కొట్టేయండి. ట్రేలు తీసుకురాండి. అందరం కలిసి సూద్దాం. ఏం కనిపిస్తే అది రాయండి, దానికే మార్కులు."

స్టీఫెన్ గ్లవ్సు వేసుకుని మూడింటినీ బయటికి తీశాడు. భూతద్దం చేతులు మారింది. ఒకదానికి పొలుసులు వరసగా కనిపించాయి, అది పాము. ఒకదాని ఒంటి నిండా సన్నని ఉంగరాల్లాంటి గీతలు, అది ఇక్తియోఫిస్. మూడోదాన్ని తాకడానికే భయపడ్డ రెడ్డెమ్మ, తోక దగ్గర పట్టకారు పెట్టి లాగి, ఉన్నట్టుండి అరిచింది. "మేడమ్! దీనికి ఈత రెక్క ఉండాది! ఇది సేప మేడమ్, నిజంగా సేప!"

ఆ పిల్ల ముఖం చూసి నాకు కడుపు నిండిపోయింది. ఏడాదంతా పాఠం చెప్పినా అంత సంతోషం నాకు దక్కలేదు.

సారు రిపోర్టులో పరీక్ష "సరికొత్త పద్ధతిలో" జరిగిందని రాశాడు. ఉద్యోగం ఖాయమైంది. మా నాయన ఎందుకో తెలియకుండానే మళ్లీ స్వీట్లు పంచాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మరుసటి ఏడాది పరీక్షల ముందు ల్యాబు పక్కగా వెళుతుంటే లోపల కొత్త బ్యాచి పిల్ల గొంతు వినిపించింది. "అన్నీ ఒకే రకం డబ్బాలేలే. అడుగున సూడు. ధర చీటీ సగం చిరిగింది ఈల్. పూర్తిగా ఉండేది పాము. చీటీ లేనిది ఇక్తియోఫిస్."

కోపంగా లోపలికి వెళ్లి, పిల్లల్ని పంపేసి, ఈల్ డబ్బా తిరగేసి చీటీ మీద గోరు పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, ఈసారి కూడా కీ రాయాల్సింది నేనేనని.

చీటీని బొటనవేలితో మళ్లీ గట్టిగా అదిమి అతికించాను. కిటికీలోంచి కొండ కనిపిస్తుంటే చేతులు జోడించి, సాక్షాత్తూ ఏడుకొండలవాడి సాక్షిగా ప్రమాణం చేశాను: స్వామీ, ఈ జన్మలో ఒక సీసాలోది ఇంకో సీసాలోకి మార్చను, అది మా అమ్మ పెట్టిన మామిడికాయ ఊరగాయ అయినా సరే.