ఇద్దరు వీర్రాజులు, ఒకే వరుస

మా ముత్తాత రామభద్రయ్యగారు మూడు గ్రామాలకు మునసబు. ఆయన తరవాత మా తాత సూర్యప్రకాశరావుగారు, ఆయన తరవాత మా నాన్నగారు. తాతగారి కాలంలో కాలువకు నీళ్ళు వదిలే ముందు లాకుల దగ్గరి ఉద్యోగి మా అరుగు దాకా వచ్చి చెప్పి వెళ్ళేవాడట. అది నేను చూడలేదు. నేను చూసింది మునసబు పదవులు రద్దయిన రోజు. నాన్నగారు చావిడిలో తాను కూర్చునే కుర్చీని ఇంటికి మోయించుకుని వచ్చి, చీకటి పడేదాకా అందులోనే కూర్చున్నారు. మా ఇంటిపేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే ఆ చుట్టుపక్కల పెద్దవాళ్ళు ఇప్పటికీ గుర్తుపడతారు. ఇంటిపేరు దాచుకునే అర్హత నాకు ఉందా అని, చివరిదాకా చదివాక మీరు అడగవచ్చు. అడగండి.

ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక్క మాట. మూడక్షరాలు. నా నోటితో నేను అన్నది. దాన్ని నా భార్యకు చెప్పలేదు. చనిపోయే ముందు నాన్నగారు చేయి పట్టుకున్నప్పుడు కూడా చెప్పలేదు. మీరు ఎవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఎనభైల చివర్లో మండపేటకు దగ్గరలో ఒక పంచదార ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం వచ్చింది. కంప్యూటర్ ఆపరేటర్. ఆపరేటర్ అన్న మాట నాకు గొంతు దిగేది కాదు. అడిగిన బంధువులతో "కంప్యూటర్ సెక్షను చూస్తున్నాను" అనేవాణ్ణి. కాకినాడలో ఆరు వారాలు శిక్షణ ఇప్పించారు. ఫ్యాక్టరీలో మా గదికి అద్దాల తలుపు, ఏసీ, బయట చెప్పులు విడిచి లోపలికి రావాలన్న బోర్డు. ఆ బోర్డు నాకు నచ్చింది.

యంత్రాన్ని కొన్నదే దొంగ పేర్లు పట్టడానికి. చెరకు ఆడే సీజనులో వందల మంది కూలీలు మేస్త్రీల కింద గుంపులు గుంపులుగా వచ్చేవారు. రాని మనుషుల పేర్లు కూడా మేస్త్రీలు హాజరులో రాయిస్తున్నారని యాజమాన్యం అనుమానం. అందుకని గేటు దగ్గరి హాజరు షీట్లు పొద్దున్నే మా గదికి వచ్చేవి. నాలుగు తెరల దగ్గర నలుగురు వాటిని టైపు చేసేవారు. ఆ తరవాతిది నా పని. నాలుగు ఫైళ్ళనూ కలపాలి, పేర్ల క్రమంలో పేర్చాలి, డిస్కులో చోటెంత మిగిలిందో చూడాలి, టేపు మీదికి నకలు తీయాలి, పాత జాబితాలు తుడిచేయాలి, ప్రింటు తీయాలి. ఒక్కో పనికి ఒక్కో ఆజ్ఞ. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలతో, ప్రతిరోజూ, అవే ఆజ్ఞలు మళ్ళీ చేత్తో కొట్టాలి. రోజుకు మూడు గంటలు. గుమాస్తా చాకిరీ అనిపించేది.

ఆ యంత్రం నడిచే యూనిక్స్‌లో ఒక సదుపాయం ఉంది. ఆజ్ఞలన్నీ ఒకదాని కింద ఒకటి రాసి ఒక ఫైలుగా దాచుకుంటే, ఇక ఆ ఫైలు పేరు ఒక్కటి కొడితే చాలు. యంత్రం అన్నీ వరసగా తానే చేసుకుపోతుంది. స్క్రిప్టు అంటారు. పదిహేను రోజులు కూర్చుని నలభై వరుసల స్క్రిప్టు రాశాను. మొదటిసారి అది మొదటి వరుస నుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా నడిచిన రోజు నాకు కలిగిన ఆనందం ఎలాంటిదో ఇప్పుడు ఒప్పుకోవాలి. అది పని తేలికైన ఆనందం కాదు. మా ఇంట్లో ఆజ్ఞలు ఆగిపోయి అయిదేళ్ళయింది. చెప్పిన మాట మారు మాట్లాడకుండా చేసేది మళ్ళీ ఒకటి దొరికింది. ఆ ఫైలుకు ఇంగ్లీషు అక్షరాల్లో "మునసబు" అని పేరు పెట్టాను.

అందులో రెండు నిర్ణయాలు నావి. ఎవరూ నాకు చెప్పలేదు.

ఒకటి. డిస్కులో చోటు తక్కువ. పర్మనెంటు ఉద్యోగులకు టికెట్ నంబరు, ఇంటిపేరు, పేరు, అన్నీ ఉంచాను. సీజను కూలీలకు నంబర్లు లేవు. వాళ్ళకు పేరు, మేస్త్రీ పేరు, తేదీ, అంతే. గేటు షీటులో ఇంటిపేరు గడి ఉండేది. దాన్ని టైపు చేయవద్దన్నాను. కూలీలకు ఇంటిపేర్లెందుకు, చోటు దండగ అన్నాను. ఆ మాట అన్నప్పుడు గదిలో ఎవరూ తల ఎత్తలేదు కూడా. అంత సహజంగా ఉంది.

రెండు. టైపు చేసేవాళ్ళు పొరపాటున ఒకే షీటును రెండుసార్లు ఎక్కించేవారు. అందుకని పేర్లు పేర్చే సార్ట్ ఆజ్ఞ పక్కన ఒక చిన్న అడ్డగీత, ఒక యు అక్షరం చేర్చాను. అచ్చంగా ఒకేలా ఉన్న వరుసలు ఎన్ని ఉన్నా ఒక్కటే ఉంచి మిగతావి తీసెయ్యమని దాని అర్థం. తెలివైన పని చేశాననుకున్నాను.

మా జిల్లాలో వీర్రాజులు ఎంతమంది ఉంటారో, సత్యనారాయణలు ఎంతమంది ఉంటారో నాకు తెలియదా? తెలుసు. మరి ఎందుకు తట్టలేదు? వాళ్ళు నాకు విడివిడి మనుషులుగా కనపడలేదు. అదే జవాబు.

రెండు సీజన్లు గడిచాయి. కూలి డబ్బు గేటు లెక్కన గుంపుకంతా కలిపి మేస్త్రీ చేతికే పోయేది, అందుకే తేడా ఎవరికీ కనపడలేదు. కొంతమంది పాత కూలీలను పర్మనెంటు చేస్తామని యాజమాన్యం ఒప్పుకుంది. ఎవరు ఎన్ని రోజులు వచ్చారో నా స్క్రిప్టు లెక్కగట్టిన జాబితాయే ఆధారం. దాని మీద సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసరు ఆ శనివారం సంతకం చేస్తారు. చేశాక ఇక మార్పు లేదు.

గురువారం భోజనాల వేళ అద్దం తలుపు అవతల ఒక మనిషి చెప్పులు విడిచి నిలబడ్డాడు. బాయిలరు దగ్గర చెరకు పిప్పి మోసే మనిషి. చొక్కా అంతా ఆ పీచే. మా ఊరివాడని ముఖం చూస్తే తెలిసింది. లోపలికి రమ్మనలేదు. తలుపు సగం తెరిచి నేనే నిలబడ్డాను.

"బాబుగారూ, ఒక్క మాటండి. మీ లిస్టులో వీర్రాజు అని ఒక్కసారే పడిందంటండి."

"ఒకసారే పడుతుంది. నీ పేరు రెండుసార్లు ఎందుకు వేస్తారు?"

"నాది రెండుసార్లు కాదండి. మా గుంపులో వీర్రాజులం ఇద్దరమండి. గుబ్బల వీర్రాజు ఒకడండి, మోకా వీర్రాజుని నేనండి. ఆడు ముందెళ్ళి ఆ పేరు నాదే అన్నాడంటండి. ఆడి తప్పేం లేదండి, ఆడి పేరూ అదే కదండి." కొంచెం నవ్వాడు. "మీ మిషనుకి మేమిద్దరం ఒకలాగే కనపడ్డట్టున్నామండి. మా ఆవిడకి మాత్రం ఎప్పుడూ అలా కనపడలేదండి."

నేను నవ్వలేదు.

"మిషన్లో కూలీల ఇంటిపేర్లు ఉండవు."

"అదేంటండి, మాకూ ఉందండి ఇంటిపేరు. నేను పుట్టినప్పుడు చావిట్లో మీ నాన్నగారే రాశారంటండి రిజిస్టర్లో. మోకా సత్తియ్య కొడుకు అని. మా అమ్మ చెప్పేదండి, మునసబుగారు రెండుసార్లు అడిగి మరీ రాసుకున్నారని."

"చూస్తాను, వెళ్ళు."

"ఆరు సీజన్లండి బాబుగారూ. ఒక్క నాగా లేదండి. పిల్లకి జొరమొచ్చినా వచ్చానండి."

"చూస్తానన్నాను కదా."

"అంతేనండి, చూస్తే చాలండి. మీరు చూస్తే కనపడతానండి." చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్ళాడు.

చూశాను. ఆ మాట నిలబెట్టుకున్నాను. టైపయినవి టైపయినట్టే ఉండే ఫైళ్ళు సీజను ముగిసేదాకా ఒక చోట ఉండేవి. వాటిలో వీర్రాజు అన్న పేరు వెతకమని ఆజ్ఞ కొట్టాను. తెర నిండిపోయింది. ప్రతి తేదీకీ రెండు వరుసలు. వీర్రాజు, అదే మేస్త్రీ, అదే తేదీ. వీర్రాజు, అదే మేస్త్రీ, అదే తేదీ. రెండో వరుస రోజూ పొద్దున్న నా అడ్డగీత కింద పడి పోతూనే ఉంది. ఆ వరుసలు పైకి కదులుతుంటే చూస్తూ కూర్చున్నాను.

దిద్దడానికి ఎంత పని? అరగంట. స్క్రిప్టులో ఒక అక్షరం తీసి మళ్ళీ నడపడానికి. అది చాలదు, షీట్లు రెండుసార్లు ఎక్కిన రోజులు కూడా సరిచూడాలి. మహా అయితే ఒక పూట. గురువారం సాయంత్రం ఉంది. శుక్రవారం పూర్తిగా ఉంది. పని నాకు అడ్డం కాలేదు.

పర్సనెల్ ఆఫీసరుగారు అడ్డం. ఆయన చెడ్డవాడు కాదు. అదే కష్టం. ఆయన తండ్రి మా నాన్నగారి చావిడిలో రిజిస్టర్ల మూట మోసిన వెట్టివాడు. కొడుకు చదువుకున్నాడు, పెద్ద ఉద్యోగానికి వచ్చాడు, నాకంటే ఎంతో పైన ఉన్నాడు. అయినా మా గదికి వస్తే నేను కూర్చోమనేదాకా కూర్చునేవాడు కాదు. బహుశా చిన్ననాటి అలవాటు. ఆ ఫ్యాక్టరీలో నాకు మిగిలిన మునసబుగిరీ అంతా ఆ ఒక్క నిలబడడంలోనే ఉంది. నా తప్పు చెబితే ఏమవుతుంది? తిడతాడా? తిట్టడు. మెమో ఇస్తాడా? ఇవ్వకపోవచ్చు. "పరవాలేదండి" అంటాడు. అని, కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. శుక్రవారం అంతా నేను భయపడింది దానికి. వినడానికి ఎంత చిన్నగా ఉందో నాకు తెలుసు. ఒక మనిషి బతుకుతెరువుకు ఎదురుగా పెట్టి చూస్తే అది ఎంత? ఆ రోజు నేను అలా పెట్టి చూడలేదు. చూడకుండా జాగ్రత్తపడ్డాను.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఆ పాత ఫైళ్ళన్నీ తుడిచేశాను. తుడిచింది స్క్రిప్టు కాదు, నేను. ఇది మీరు గమనించాలి. స్క్రిప్టు చేసింది పొరపాటు, దాన్ని రాసింది అహంకారం, అంతవరకు ఎవరైనా సర్దిచెప్పుకోవచ్చు. ఈ ఆజ్ఞ మాత్రం ఒక్కో అక్షరం నా వేలితో కొట్టాను. నిజంగా తుడవమంటావా అని కూడా ఆ యంత్రం అడగదు. చేసేస్తుంది. టేపు మీద ఉన్నది కలిపి పేర్చిన నకలు మాత్రమే. టైపయిన కాగితాలు ఏ వారానికి ఆ వారం బాయిలర్లో పడేసేవారు. ఆ సలహా కూడా అంతకు ముందు సంవత్సరం నేను ఇచ్చిందే.

శనివారం పదకొండు గంటలకు ఆఫీసరుగారు జాబితా పట్టుకుని వచ్చారు. ఎప్పటిలాగే తలుపు దగ్గర చెప్పులు విడిచారు. నిలబడే అడిగారు.

"మేస్త్రీ వచ్చాడండి. తన గుంపులో వీర్రాజులు ఇద్దరని ఒట్టేసి చెబుతున్నాడు. మేస్త్రీల సంగతి మీకు తెలుసు కదా. మీ లెక్కలో ఒకడా, ఇద్దరా?"

"ఒక్కడే," అన్నాను.

ఆ మూడక్షరాలు ఇవే.

ఆయన అక్కడే, నా బల్ల మీద కాగితం పెట్టి, వంగి సంతకం చేశారు. కూర్చోమని నేను అనలేదు. ఆయన కూర్చోలేదు.

దొంగ పేరు రాయించాడని ఆ మేస్త్రీని ఫ్యాక్టరీకి రావద్దన్నారు. రెండో వీర్రాజు లేడని కంప్యూటరే తేల్చింది కాబట్టి, మోకా వీర్రాజును మరుసటి సీజనులో గేటు లోపలికి రానివ్వలేదు. లేని మనిషిని ఎలా రానిస్తారు? దొంగను పట్టినందుకు నన్ను మెచ్చుకున్నారు. సోమవారం నేను స్క్రిప్టు మార్చాను. కూలీలందరికీ నంబర్లు పెట్టించాను, ఇంటిపేరు గడి తిరిగి తెచ్చాను. ముందుచూపు ఉన్నవాడినన్నారు. ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

ఎన్నోసార్లు అనుకున్నాను, అతను వచ్చి నిలదీస్తే చెప్పేసేవాణ్ణేమో అని. అతను మళ్ళీ నా దగ్గరకు రాలేదు. రాకపోవడాన్ని చాలాకాలం నాకు అనుకూలంగా అర్థం చేసుకున్నాను, వేరే పని దొరికి ఉంటుందని. నిజానికి ఎందుకు రాలేదు? చూస్తానని నేను మాట ఇచ్చాను. మునసబుగారి అబ్బాయి చూశాక కూడా కనపడలేదంటే ఇక అడగడానికి ఏముందని అనుకొని ఉంటాడు. నన్ను నమ్మాడు. నేను రోజూ తలుచుకునేది కోపాన్ని కాదు, ఆ నమ్మకాన్ని.

క్షమించమని అడగడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఈ వయసులో మిమ్మల్ని అడిగి ఆ విద్య మొదలుపెట్టను. అడగవలసినవాడు మీరు కాదు కూడా. రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ యంత్రం గురించి, డిస్కులో చోటు గురించి పేజీలు రాసి ఆపేవాణ్ణి. ఇవాళ, ఫైళ్ళు తుడిచింది నేను అన్న వాక్యం మొదటిసారి కాగితం మీద నిలబడింది. దాన్ని కొట్టెయ్యలేదు. అంతకంటే ఏమీ మారలేదు.

తరవాత అతనికి ఏమైందో చాలా ఏళ్ళకు మా ఊరివాళ్ళ ద్వారా తెలిసింది. గేటు దగ్గర వెనక్కి పంపిన ఏడాదే, మోకా వీర్రాజు తన రెండు సెంట్ల ఇంటి స్థలాన్ని, అందులో ఉన్న రెండు కొబ్బరిచెట్లతో సహా అమ్మేసి, కుటుంబంతో పోలవరం వైపు కూలికి వెళ్ళిపోయాడు.