కుక్కకు చోటున్న ఇల్లు

బస్సులో కుక్కను ఎక్కించుకోనన్నాడు కండక్టరు. "కోడిపెట్టైతే ఒళ్ళో పెట్టుకుంటారు మాస్టారూ, ఇది ఎవరి ఒళ్ళో కూచుంటది?" అన్నాడు. అందుకని ఎడ్లబండి కట్టుకుని, వత్సవాయి దగ్గర మా స్నేహితుడి ఊరి నుంచి జగ్గయ్యపేట మీదుగా నందిగామకు తెల్లారకముందే బయల్దేరాం.

బండి వాడి మేనమామది. తోలింది వాడే. హైస్కూల్లో నాతో చదివి, టీచర్ ట్రైనింగు ముగించి, నందిగామ బడిలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. తల్లి పోయాక ఇంట్లో వాడికి మిగిలింది ఆ ఎర్రకుక్క ఒక్కటే. నేనప్పటికి బెజవాడలో ఒక దినపత్రికలో పనిచేస్తున్నాను. నందిగామ వ్యాపారి ఒకాయన ఆ పని మీదే పరిచయం. ఆయన పెరట్లో గది ఖాళీగా ఉందంటే నేనే మాట్లాడిపెట్టాను. సోమవారం బడి తెరుస్తారు. ఈలోగా వాడికి ఉండే చోటు కావాలి.

జూన్ ఎండ. చిల్లకల్లు దాటాక లారీ వచ్చినప్పుడల్లా ఎడ్లు బెదిరి రోడ్డు దిగేవి. మా నోళ్ళ నిండా దుమ్ము. కుక్క మాత్రం బండి కింద, చక్రాల మధ్య నీడలో దర్జాగా నడిచింది.

"చూడరా, బండంతా అదే మోస్తన్నట్టు," అన్నాడు వాడు. "అచ్చం నువ్వే. పేపర్లో రెండు ముక్కలు రాసి దేశాన్ని మోస్తన్నా అనుకుంటావు గదా."

"మరి గది ఇప్పించింది ఎవర్రా?"

"చేరనీ. అప్పుడు మొక్కుతాలే నీకు."

పొద్దు వాలుతుండగా చేరాం. వ్యాపారి ఎదురొచ్చి ఇద్దరికీ ఇత్తడి గ్లాసుల్లో మజ్జిగ ఇచ్చాడు. నూతిలోంచి నీళ్ళు తోడి, పక్కనున్న రాతి తొట్టిలో కుక్కకు పోశాడు. "పాపం, మూగజీవి. ఎంత దూరం నడిచిందో!" తర్వాత వాడి వైపు తిరిగి, "వత్సవాయి దగ్గరన్నారు. ఊళ్ళో ఎటు పక్క?" అన్నాడు.

మా వైపు నీ కులమేమిటని మొహం మీద అడగరు. ఎటు పక్క అని అడుగుతారు. అంత మర్యాదస్తులు.

"చర్చి పక్కనండి," అన్నాడు వాడు.

వ్యాపారి చూపు వాడి చేతిలోని గ్లాసు మీదికి పోయింది.

"నాకట్టాంటి పట్టింపుల్లేవండి రిపోర్టరు గారూ. ఇంట్లో ఆడాళ్ళతోనే ఇబ్బంది. నుయ్యి ఒకటే గదా. ఆ గ్లాసు అరుగు మీద పెట్టమనండి, మావాళ్ళు చూసుకుంటారు."

ఎదురుగా నిలబడ్డ మనిషితో కాదు, నాతో చెబుతున్నాడు. కుక్క ఇంకా తొట్టిలో మూతి పెట్టి తాగుతూనే ఉంది.

"కుక్కకు తోడిపోస్తే మైలపడని నుయ్యి మాస్టారు తోడుకుంటే మైలపడుద్దా?" అని అరిచాను.

"చదువుకున్నోళ్ళు. మీకు తెలియందేముంది? లోకాన్ని కూడా చూడాలి గదండీ," అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వాడు మజ్జిగ చివరి చుక్క దాకా నింపాదిగా తాగాడు. గ్లాసు అరుగు మీద బోర్లించి, బండి మళ్ళించాడు. వ్యాపారి వెనకే వచ్చాడు.

"పెరట్లో పత్తి బోరేలుంటయి, దొంగల భయం. కుక్కనన్నా ఉంచి పొమ్మనండి. రెండు పూటలా అన్నం పెడతాం."

"దానిదీ చర్చి పక్కేనండి," అన్నాడు వాడు, ఎడ్లను అదిలిస్తూ.

సోమవారం వాడు ఊరవతల చర్చి వసారాలోంచి బడికి వెళ్ళాడు. ఏడాదంతా అక్కడే ఉన్నాడు, కుక్కతో సహా.

నేను జరిగింది జరిగినట్టు రాసి పత్రికలో ఇచ్చాను. డెస్కులో పెద్దాయన చదివి వెనక్కిచ్చేశాడు. "రోజూ జరిగేదేగదయ్యా. వార్త ఎట్టా అవుద్ది? చోటు కూడా లేదు," అన్నాడు.

మర్నాడు పేపరు తెరిస్తే నందిగామ వార్త ఒకటి కనబడింది. బాటసారుల దాహం తీర్చడానికి మెయిన్ రోడ్డు మీద ఆ వ్యాపారే చలివేంద్రం పెట్టాడట. దానికి చోటు దొరికింది.