పెద్దమామకు అంకితం

మా పెద్దమామకు తెలుగు చదవడం రాదు. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. దస్తావేజులు ఉర్దూవే కాబట్టి చదువుకునేవాడు, తెలుగు శుభలేఖ వస్తే మాత్రం ఎవరో ఒకరు చదివి చెప్పాలి. నా పుస్తకం అచ్చయిందంటే సగం ఆ కారణం వల్లే. మిగతా సగం నా పగ వల్ల.

ఆయన నా మామగారికి అన్న. మామగారు పోయాక ఇంటి పెత్తనం ఆయన చేతికి వచ్చింది. రజాకార్ల భయంతో సూర్యాపేట ఇళ్ళకు తాళాలు పడుతున్న ఆ వానాకాలంలో మాకున్న మగదిక్కు ఆయనొక్కడే. బడిపంతులైన నా భర్త అప్పటికే సరిహద్దు దాటి జగ్గయ్యపేటలో తలదాచుకుని ఉన్నారు. పెద్దమామ రెండు బండ్లు కట్టించాడు. మొదటి బండిలో మా అత్తగారు, పెద్దత్త, ముసలివాళ్ళు ఎక్కి తెల్లవారకముందే వెళ్ళిపోయారు. రెండోదాంట్లో బియ్యం బస్తాలు, పెట్టెలు వేశారు. పదకొండు నెలల బిడ్డను ఎత్తుకుని నేను ఆ బండి దగ్గర నిలబడ్డాను. బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది. కోడలు చేయకూడని పనే అయినా పెద్దమామ చేయి పట్టుకుని బిడ్డ నుదుటి మీద పెట్టాను.

"జాగ లేదు కోడలా. ఎడ్లు గుంజలేవు," అన్నాడాయన. "వయసుల ఉన్నదానివి, ఎనక నడువు. కోదాడ ఎంత దూరమని?"

ఆ మాట అంటూనే జీతగాడిని కేకేసి ఇత్తడి గంగాళం ఎక్కించాడు. స్నానానికి నీళ్ళు కాచుకునే గంగాళం. అందులో నా బిడ్డను పడుకోబెడితే ఇంకా చోటు మిగిలేది.

నడిచాను. వాన. బండి కాసేపట్లోనే కనబడకుండా పోయింది. గొర్రెలు తోలుకుని పోతున్న గొల్లవాళ్ళ వెంట పడి, వాళ్ళలో ఒక ముసలమ్మ ఇచ్చిన గొంగడి బిడ్డకు చుట్టి, మర్నాటికి కోదాడ చేరాను. చేరేసరికి బిడ్డ ఎడమ చెవిలోంచి చీము కారుతోంది. సరిహద్దు దాటి జగ్గయ్యపేట చేరాక జ్వరం తగ్గింది, చీము ఆగింది, ఆ చెవి మాత్రం పోయింది. ఇప్పటికీ రోజూ పొద్దున బిడ్డకు తెలియకుండా వెనక నిలబడి ఎడమ పక్కన చిటిక వేస్తాను. తిరుగుతుందేమోనని.

యూనియన్ సైన్యం వచ్చాక మేం సూర్యాపేటకు తిరిగి వచ్చాం. పెద్దమామ మిర్యాలగూడలో ధాన్యం వ్యాపారం పెట్టి అక్కడికి మారాడు. నేను రాయడం మొదలుపెట్టాను. హైదరాబాదులో కాలేజీ చదువు చదువుకున్నదాన్ని, కానీ ఆ చదువంతా ఉర్దూ, ఇంగ్లీషు. తెలుగు మా నాన్న ఇంట్లో నేర్పినదే. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని ఊపుతూ, బిడ్డ కదిలినప్పుడల్లా ఆగి ఊపిరి విని, మళ్ళీ రాసేదాన్ని. ఆ ప్రయాణమంతా రాశాను. బండి దగ్గర జరిగింది ఒక ప్రకరణం.

రాతప్రతిని బెజవాడలో ఒక ప్రచురణకర్తకు పంపాం. నెలల తర్వాత రమ్మని కబురు వస్తే కోదాడ మీదుగా బస్సులో వెళ్ళాం. మర్యాదస్తుడే. నాకు కుర్చీ వేయించాడు, బిడ్డకు బిస్కెట్టు ఇప్పించాడు. మాట్లాడింది మాత్రం నా భర్తతో.

"మీ ఆవిడ బాగానే రాశారండీ. నైజాం నుంచి ఇంత తెలుగు వస్తుందనుకోలేదు."

"నైజాంల గూడ తెలుగోళ్ళే ఉంటరండి," అన్నాను.

ఆయన నవ్వాడు. "అదిగో, ఆ మాటే! మీ వాళ్ళ గాడా గీడా అంతా మా వాళ్ళు సరిచేస్తారు లెండి. మద్రాసులో కొనేవాడికి కూడా అర్థం కావాలి గదా. ఇహ ఆ బండి ప్రకరణం తీసేద్దాం."

"ఎందుకండి?"

"ఇంటిగుట్టమ్మా అది. జనానికి కావలసింది రజాకార్ల దౌర్జన్యం, సైన్యం రావడం. మధ్యలో ఈ మామగారూ, ఆ గంగాళమూ ఏమిటి? పుస్తకానికి శత్రువు ఒక్కడే ఉండాలి."

ఒప్పుకుంటే మేం ఒక్క కానీ పెట్టనక్కర్లేదు. అచ్చు, అట్ట, అమ్మకం అన్నీ ఆయనే చూసుకుంటాడు. విశాఖపట్నం నుంచి మద్రాసు దాకా దుకాణాల్లో నా పుస్తకం ఉంటుంది. కొత్తగా రాసేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి? ఆలోచించి చెప్తామని లేచాం.

తిరుగు బస్సులో నా భర్త మెల్లగా అన్నారు. "ఒక్క ప్రకరణమే గద. తీసేయరాదు?"

"ఆ ఒక్కటి రాసేటందుకే మిగిలినయన్నీ రాసిన."

ఆయన నా ఒళ్ళోంచి బిడ్డను తీసుకుని ఆడించసాగారు. పెద్దమామ ఆయనను పెంచినవాడు. ఎటూ చెప్పలేని మనిషి అయిపోయారు పాపం.

ఇక మిగిలింది సొంతంగా వేసుకోవడం. సూర్యాపేటలో కాలితో తొక్కే చిన్న ముద్రణ యంత్రం ఒకటుంది. శుభలేఖలు, రసీదు పుస్తకాలు వేస్తారు. ఆ యజమాని నా కాగితాలు తిప్పి చూశాడు.

"ఏసిస్తనమ్మా. పైసలు మెల్లగియ్యిండ్రి. కాయితం మాత్రం మీరే తెచ్చుకోవాలె. పర్మిట్ మీద దొరుకుతది, అది గూడ పెద్ద పెద్దోళ్ళకే."

"ఎవరి దగ్గరుంటది?"

"ఇంకెవరమ్మా, మిర్యాలగూడల మీ పెద్దమామ దగ్గరనే. వడ్ల బస్తాల పక్కన కట్టలు కట్టలు పెట్టిండు."

ఇంటికొచ్చి చాలాసేపు నవ్వుకున్నాను. సరిహద్దు దాటి వచ్చాక అంతగా నవ్వింది అదే మొదటిసారి.

మిర్యాలగూడ వెళ్ళాం. పెద్దమామ గోదాం ముందు మంచం మీద కూర్చుని హుక్కా తాగుతున్నాడు. నేను కొంగు తల మీదికి లాక్కుని స్తంభం పక్కన నిలబడ్డాను.

"పుస్తకం రాసినవంట కోడలా? మంచిదే, సదువుకున్నదానివి. కాయితమిస్త, ఎందుకియ్య. మరి నాకేంది?"

నా భర్త నోరు తెరిచేలోపే నేను చెప్పాను. "మీకు అంకితమిస్త పెద్దమామా."

హుక్కా గొట్టం నోటి నుంచి తీశాడు. "అంకితమంటే ఎనకట రాజులకిచ్చేటిదే గద?"

"అదే."

"ఫోటో ఏస్తరా?"

"మీరిస్తే ఏస్తరు."

"షేర్వాణీ మీద తీయించుకున్నదొకటున్నది. టోపీ లేనిదియ్యాలె, జమానా మారింది." హుక్కా ఒక దమ్ము లాగాడు. "కథేంది?"

"మనం కోదాడకు పోయిన సంగతి."

"అట్లనా! అందుల నేనున్ననా?"

"ఉన్నరు."

"మంచిగ రాసినవా నా గురించి?"

"మీరేం చేసిన్రో గదే రాసిన."

ఆయనకు పరమానందమైంది. గోదాం ముందే సభ పెడదామన్నాడు, తాసిల్దారును పిలుస్తానన్నాడు, అప్పటికప్పుడే కాగితం కట్టలు బండి మీద వేయించాడు. ఈసారి బండిలో చోటు బాగానే దొరికింది.

ఆ చిన్న ముద్రణాలయంలో అక్షరాలు కొన్నే ఉండేవి. ఎనిమిది పుటలకు అక్షరాలు పేర్చి, అచ్చువేసి, వాటిని విడదీసి మళ్ళీ ఎనిమిది పుటలు పేర్చేవారు. ఒకసారి విడదీస్తే ఆ పుటల్లో ఇక ఏ మార్పూ కుదరదు. ముందు పుటలు, అంటే పుస్తకం పేరు, అంకితం, అన్నిటికంటే ఆఖరున వేస్తారు. అచ్చుకు ముందు దిద్దడానికి ప్రతి కాగితమూ మా ఇంటికి వచ్చేది.

బండి ప్రకరణం వచ్చిన రోజు నా భర్త ఆ కాగితం పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయారు.

"ఇంక టైమున్నది. ఇది తీసేస్తే బెజవాడాయన ఏస్తనన్నడు. మనకు లొల్లి ఉండది. పెద్దమామ కోపం నీకు తెల్వదు. పొలంల మన వాట ఇంకా ఆయన చేతిలనే ఉన్నది."

నాకు తెలుసు. నాకు భయం లేదని ఎవరూ అనుకోవద్దు. రాత్రంతా బిడ్డ పక్కన పడుకుని పొలం పోతే ఎట్లా, ఈయన ఉద్యోగం పోతే ఎట్లా, రేపు బిడ్డకు దవాఖాన ఖర్చు వస్తే ఎవరిని అడగాలి, అని ఒకదాని వెంట ఒకటి లెక్కేసుకున్నాను. తెల్లవారింది. బిడ్డ గడప మీద కూర్చుని బొరుగులు ఏరుకుని తింటోంది. వెనకగా వెళ్ళి ఎడమ పక్కన చిటిక వేశాను. తిరగలేదు. గట్టిగా వేశాను. బొరుగు గింజ నోట్లో పెట్టుకుంది.

లోపలికి వెళ్ళి ఆ కాగితం మీద 'అచ్చువేయవచ్చు' అని రాసి సంతకం పెట్టాను.

ఆఖరున అంకితం పుట రాసి ఇచ్చాను. ముద్రణాలయం యజమాని చదివి తల ఎత్తాడు.

"అమ్మా, గిది ఆయనకు సూపిచ్చిన్రా?"

"ఆయనకు తెలుగు రాదు."

"పోనీ సదివి వినిపిచ్చిన్రా?"

"సభల వినిపిస్త."

ఆయన చేతులకున్న సిరా గుడ్డతో తుడుచుకున్నాడు. "అట్లయితే సభకు నేను రానమ్మా. పుస్తకాలు పంపుత."

పుస్తకాలు చేతికొచ్చాక సభకు ఒక కట్ట మాత్రం తీసి, మిగతావన్నీ కోదాడలో నా స్నేహితురాలి ఇంటికి చేర్పించాను. నా పిరికితనం నాకు పనికొచ్చింది అక్కడే.

గోదాం ముందు పందిరి వేశారు. తాసిల్దారు రాలేదు, బడి పెద్దపంతులు వచ్చాడు. వడ్ల వ్యాపారులు, చుట్టాలు, ఒక వారగా ఆడవాళ్ళు. పెద్దమామ మెడలో బంతిపూల దండ. పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. తన ఫోటో తెరిచి అందరికీ చూపించాడు. అంకితం చదవమని పెద్దపంతులుకు ఇచ్చాడు. పంతులు మొదటి వరుస చూసి దగ్గాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది... రాసినామె సదివితెనే బాగుంటది," అని పుస్తకం నాకిచ్చాడు.

నేను చదివాను.

"శ్రావణమాసపు వానలో నాకూ, జ్వరంతో ఉన్న నా బిడ్డకూ బండిలో చోటు లేదని చెప్పి, ఆ చోట ఇత్తడి గంగాళం ఎక్కించుకున్న మా పెద్దమామగారికి, ఆయన ఇచ్చిన కాగితం మీదనే, ఈ పుస్తకం అంకితం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దమామ ముఖంలో నవ్వు ఇంకా అట్లాగే ఉంది, తీసేయడం మరిచిపోయినట్టు. అప్పుడు ఆడవాళ్ళలోంచి పెద్దత్త గొంతు వినిపించింది. ఎప్పుడూ పదిమందిలో నోరు తెరవని మనిషి.

"గంగాళం ఇంట్లనే ఉన్నది. ఎవలన్న సూస్తరా?"

ఎవరో ఒక వ్యాపారి పకపకా నవ్వాడు. దాంతో అందరూ నవ్వారు. పెద్దమామ దండ తెంపి కింద పడేశాడు. "కాయితం నాది! పుస్తకాలన్నీ లోపలేసి తాళమెయ్యిండ్రి!" అని అరిచాడు. ఆ ఒక్క కట్టా గోదాంలోకి పోయింది. నన్ను గడప తొక్కవద్దన్నాడు. పొలం వాటా సంగతి ఈనాటికీ తేలలేదు. మా అత్తగారు దసరా దాకా నాతో మాట్లాడలేదు.

నిజం చెప్పాలంటే నాకు ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మిగతా పుస్తకాలు కోదాడ నుంచి చేతులు మారుతూ పోయాయి. చదువు రానివాళ్ళు చదివించుకుని విన్నారు. మిర్యాలగూడలో పెద్దమామ దుకాణానికి వడ్లు తెచ్చిన రైతు, గాడిద మీద బట్టలు వేసుకొచ్చిన చాకలి, అందరూ గంగాళం మాట తీస్తున్నారని తెలిసేది. నేను ఆరా తీసి మరీ తెలుసుకునేదాన్ని. నెలలోపే పుస్తకాలు అయిపోయాయి.

బెజవాడ నుంచి ఉత్తరం వచ్చింది. బండి ప్రకరణం అందరూ అడుగుతున్నారట. అది ఉంచి రెండో ముద్రణ ఆయనే వేస్తాడట, అంకితం మాత్రం తీసేస్తే చాలునట. నేను జవాబు రాయలేదు. నా రాతప్రతి ఆయన బల్ల మీద ఎంతకాలం పడి ఉందో, కనీసం అంతకాలమైనా ఎదురు చూడనీ అనుకున్నాను.

చలికాలంలో ఒకనాటి పొద్దున పెద్దమామ మా ఇంటికి వచ్చాడు. చంకలో నా పుస్తకం. మంచం వేశాను, చాయ్ ఇచ్చాను. ఆయన పుస్తకం తెరిచి, వరుస కింద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదవసాగాడు. ఈ వయసులో పంతులును పెట్టించుకుని తెలుగు నేర్చుకున్నాడట, నేనేం రాశానో తానే చూసుకోవాలని.

"గీడ... జ్వ... జ్వరం అని రాసినవ్. జ్వరమున్నదని నువ్వు నాకు చెప్పలే."

"మీ చెయ్యి పట్టి నుదురు మీద పెట్టిన పెద్దమామా."

"వానల తడిసిన చెయ్యి. నాకేం తెలుస్తది?" గొంతు కొంచెం తగ్గింది. "జర, మల్ల అచ్చేసేటప్పుడు గీ మాట మార్చు కోడలా. పెద్దమామకు తెల్వదు అని ఒక్క ముక్క పెట్టు. కాయితం మల్ల నేనే ఇస్త."

వంటింటి గుమ్మంలోంచి నా భర్త నా వైపు చూస్తున్నారు, పెట్టరాదా అన్నట్టు. ఒక్క ముక్క. ఆయన ముసలివాడు, ఇంత దూరం బస్సులో వచ్చాడు. ఆ చెయ్యి తడిసి ఉన్న మాట నిజమే. కానీ నా బిడ్డ నుదురు ఆ తడిని కూడా కాల్చేంత వేడిగా ఉంది. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

"నా పుస్తకంల మారదు. మీకు తెలుగు వచ్చింది, కాయితమున్నది," అన్నాను. "మీ మాట మీరే రాసుకోండ్రి పెద్దమామా. యంత్రం బజార్లనే ఉన్నది, ఆయన మంచోడు, ఏసిస్తడు."

ఆయన చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "అంకితం ఎవలకియ్యాలె?" అని అడిగాడు.

అది ఆయన ఇష్టమన్నాను.